కొలత సరిపోయింది, అండం రాలేదు: ఒక బారాత్ గుర్రం కేసు

నా దగ్గరికి వచ్చే కేసుల్లో నూటికి తొంభై బర్రెలు, ఆవులే. గుర్రాలు ఏడాదికి పదో పదిహేనో వస్తాయి. వాటిలోనూ ఎక్కువ కడుపునొప్పి, కుంటు, గాయాలు. ఎద సమస్య అని, చూడి నిలవడం లేదని గుర్రాన్ని చూపించేవాళ్ళు అరుదు. అందుకే ఈ కేసు మొదట్లో నేను బర్రెల డాక్టరులాగే ఆలోచించి ఒక ఇంజక్షన్ వృథా చేశాను. దాన్ని దాచకుండా రాస్తున్నాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

ఐనవోలు జాతరలో సంక్రాంతి సందడి ముగిసిన వారం రోజులకు, జనవరి 24న, కాజీపేట దగ్గర ఒక కొట్టానికి పిలిచారు. మార్వాడీ జాతి ఆడగుర్రం, పేరు మైనా. ఎనిమిదేళ్ళు, బరువు అటూ ఇటుగా 340 కిలోలు. పెళ్ళి ఊరేగింపులకు తిప్పుతారు. ఇంతవరకు ఈనలేదు. అంతకు ముందు ఏడాది జనవరి, ఫిబ్రవరి నెలల్లో మూడుసార్లు మగగుర్రంతో దాటించారు, నిలవలేదు. స్కానింగ్ ఎవరూ చేయలేదు. యజమాని అరవై దాటిన పెద్దాయన. తన తండ్రి కాలం నుంచి గుర్రాలే బతుకు. "మగపిల్లైనా ఆడపిల్లైనా ఫరక్ లేదు సారూ, దీని కడుపున ఒక్కటి పడితే సాలు" అన్నాడు.

మైనా ఒళ్ళు పలచగా ఉంది. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీలో హెన్నెకే బృందం 1983లో ప్రచురించిన ఒంటి కండ కొలిచే 1 (బాగా బక్క) నుంచి 9 (బాగా లావు) స్కేలు మీద నేను 3 వేశాను. దాణా అంటే వరిగడ్డి, తవుడు, పెళ్ళి ఉన్న రోజు కొంచెం ఉలవలు. దవడ పళ్ళ అంచులు కత్తుల్లా పెరిగి చెంప లోపల గీరుకున్న గుర్తులున్నాయి.

పై పెదవికి తాడు మెలేసి, తోక పక్కకు కట్టి, చేయి లోపలికి పెట్టి చూశాను. గుర్రంలో ఈ పని బర్రెలో చేసినంత ధీమాగా చేయకూడదు. దాని పేగు గోడ పలచన, చిరిగితే ప్రాణం మీదికే వస్తుంది. స్కానింగ్ ప్రోబ్ పెడితే ఎడమ అండాశయంలో 18, 16 మి.మీ., కుడివైపు 21 మి.మీ. ఫాలికల్స్ (అండం పెరిగే నీటి తిత్తులు) కనపడ్డాయి. కార్పస్ లూటియం, అంటే ఫాలికల్ పగిలి అండం వచ్చాక ఆ చోట ఏర్పడే ముద్ద, ఎక్కడా లేదు. గర్భసంచి చప్పగా, ఒకే రంగులో ఉంది. అంటే అండాశయం నిద్ర లేస్తోంది, కానీ ఇంకా లేవలేదు.

ఇక్కడ గుర్రానికీ బర్రెకూ తేడా చెప్పాలి. బర్రెలో ఫాలికల్ 12 నుంచి 15 మి.మీ. దగ్గర పగులుతుంది. ఆవులో 25 దాటి అలాగే నిలిచిపోతే సిస్టు అంటాం. గుర్రంలో 40 మి.మీ. దాకా పెరగడం మామూలు. ఇంకో తేడా, గుర్రం అండాశయం లోపలిది బయటకు తిప్పినట్టుంటుంది. ఫాలికల్స్ ఉండే పొర లోపల, రక్తనాళాల పొర బయట. అండం ఎక్కడపడితే అక్కడ బయటకు రాదు, అండాశయం మీద ఉండే ఒక్క గుంట గుండానే రావాలి. కార్పస్ లూటియం కూడా లోపలే ఉండిపోతుంది కాబట్టి బర్రెలో లాగా వేలికి తగలదు. వేళ్ళ మీద నమ్మకంతో పనిచేసే నాలాంటివాళ్ళం గుర్రం దగ్గర స్కానింగ్ లేకుండా గుడ్డివాళ్ళమే.

ఫిబ్రవరి 5 నుంచి మైనా ఎద లక్షణాలు చూపిస్తోందని ఫోన్ వచ్చింది. తోక ఎత్తడం, మూత్రం చిలకరించడం, పక్క గుర్రాన్ని చూసి నిలబడిపోవడం. 9వ తేదీన కుడి ఫాలికల్ 31 మి.మీ., 11న 34, 13న 36. ఎద మొదలై తొమ్మిది రోజులైనా ఆగలేదు. మామూలు ఎద ఐదు నుంచి ఏడు రోజులే. గర్భసంచి మాత్రం జనవరిలో ఎలా ఉందో అలాగే ఉంది. చూశాను, నోటు పుస్తకంలో "వాపు లేదు" అని రాసుకున్నాను కూడా. కానీ నా కళ్ళు 36 దగ్గరే ఆగిపోయాయి. ఫాలికల్‌ను పగిలేలా చేసే హార్మోన్ ఇంజక్షన్ హెచ్‌సీజీ ఇవ్వాలంటే ఫాలికల్ 35 దాటాలన్నది గుర్తుంది, ఆ వాక్యంలో మిగతా సగం గుర్తు లేదు. సాయంత్రం 2000 యూనిట్లు నరానికి ఇచ్చాను. "ఎల్లుండికి పగులుతుంది పెద్దాయనా, మగగుర్రాన్ని మాట్లాడి పెట్టు" అన్నాను.

15న చూస్తే 37. 17న కూడా 37. 22న 30కి దిగింది. మార్చి మొదటికల్లా ఆ ఫాలికల్ ఆనవాలు లేదు.

"గింత పెద్దగ కనవడ్తుండె గదా సారూ, మరి ఎందుకు పగల్లే?" అని పెద్దాయన అడిగాడు. మోటారు స్టార్టర్ నొక్కితే చాలదు, త్రీఫేజ్ కరెంటు ఉండాలి కదా అన్నాను. ఆయనకు వెంటనే అర్థమైంది. నాకే ఇంకొంచెం చదువుకోవాల్సి వచ్చింది.

పగలు చిన్నదైన కాలంలో మెదడులోని పీనియల్ గ్రంథి రాత్రంతా మెలటోనిన్ వదులుతుంది. దాని ప్రభావంతో మెదడులోనే ఉండే హైపోథాలమస్ నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుదల నెమ్మదిస్తుంది. నెమ్మదిగా, దూరం దూరంగా వచ్చే జీఎన్‌ఆర్‌హెచ్ ఫాలికల్‌ను పెంచే ఎఫ్‌ఎస్‌హెచ్‌ను నడిపించగలదు కానీ దాన్ని పగిలేలా చేసే ఎల్‌హెచ్‌ను నడిపించలేదు. ఈ రెంటినీ వదిలే పిట్యూటరీ గ్రంథిలో ఎల్‌హెచ్ నిల్వ చలికాలంలో దాదాపు అడుగంటుతుంది. పగలు పెరగడం మొదలయ్యాక ఎఫ్‌ఎస్‌హెచ్ ముందు సర్దుకుంటుంది, ఎల్‌హెచ్ అన్నిటికంటే చివర. ఈ మధ్య కాలాన్నే ట్రాన్సిషన్ అంటారు, చాలా గుర్రాల్లో రెండు మూడు నెలలు పడుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ ఉంది కాబట్టి ఫాలికల్స్ పెరుగుతాయి, 35 కూడా దాటుతాయి. కానీ అవి పైకి పెద్దవే, లోపల పచ్చివి. వాటి కణాల్లో ఎద హార్మోన్ ఈస్ట్రడయోల్ తయారుచేసే ఎంజైములు తక్కువ, ఎల్‌హెచ్‌ను పట్టుకునే రిసెప్టర్లు తక్కువ, చుట్టూ రక్తనాళాలు తక్కువ. హెచ్‌సీజీ పనిచేసేది ఆ ఎల్‌హెచ్ రిసెప్టర్ల మీదే. పట్టుకునే చోటే లేకపోతే 2000 యూనిట్లు ఇచ్చినా 5000 ఇచ్చినా ఒకటే.

ఈస్ట్రడయోల్ లేదని రక్తపరీక్ష లేకుండానే తెలిసే దారి ఒకటుంది, అదే నేను చూసీ వదిలేసింది. ఈస్ట్రడయోల్ ఉండి, కార్పస్ లూటియం వదిలే ప్రొజెస్టరోన్ లేకపోతే గర్భసంచి లోపలి పొర నీరు పట్టి ఉబ్బుతుంది. స్కానింగులో బత్తాయిని అడ్డంగా కోసినట్టు తొనలు తొనలుగా కనిపిస్తుంది. ఫాలికల్ కొలత ఒక్కటే చూస్తే అది ఎంత పెద్దదో తెలుస్తుంది. గర్భసంచి చూస్తే ఆ ఫాలికల్ పనిచేస్తోందా లేదా తెలుస్తుంది. కిందటేడు జనవరి, ఫిబ్రవరి నెలల్లో మూడుసార్లు దాటించినా నిలవకపోవడానికి కూడా ఇదే కారణమై ఉంటుందని నా అంచనా. ట్రాన్సిషన్‌లో గుర్రం వారాల తరబడి ఎద చూపిస్తుంది, మగగుర్రాన్ని ఒప్పుకుంటుంది, అండం మాత్రం రాదు.

వరంగల్ సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో పగలు 11 గంటలు, జూన్‌లో 13 గంటల పైచిలుకు. యూరప్ గుర్రాలు చూసేంత తేడా మన దగ్గర లేదు, అందుకే ఇక్కడ అన్నీ చలికాలంలో ఆగిపోవు. నేను చూసినంతలో ఆగిపోయేవి బక్కచిక్కినవి. ఒంట్లో కొవ్వు, తిండి తగ్గితే రక్తంలో లెప్టిన్, ఇన్సులిన్, ఐజీఎఫ్-1 అనే హార్మోన్లు తగ్గుతాయి. పగటి వెలుగు ఒకవైపు, ఆకలి ఒకవైపు లాగుతుంటే అండాశయం ఆలస్యంగానే లేస్తుంది.

వెలుతురు చికిత్స గురించి పెద్దాయనకు చెప్పాను. డిసెంబరు మొదట్లో మొదలుపెట్టి, పగలూ బల్బు వెలుగూ కలిపి రోజుకు 16 గంటలు వచ్చేలా చూడాలి. మన దగ్గర సూర్యోదయం ఆరున్నర అనుకుంటే రాత్రి పదిన్నర దాకా కొట్టంలో లైటు ఉండాలి, పేపర్ చదవగలిగేంత వెలుగు. దాని ఫలితం కనపడడానికి రెండు నెలల పైన పడుతుంది. "మాది రాత్రిళ్ళు బారాత్ లైట్ల కిందనే గదా సారూ ఉండేది" అని నవ్వాడు. వారానికి రెండు రాత్రుల వెలుగు లెక్కలోకి రాదు, ప్రతి రాత్రీ ఒకే లెక్కన ఉండాలి. ఎలాగూ ఫిబ్రవరి సగం గడిచింది, లైటు పెట్టినా అది పనిచేసేసరికి ఎండాకాలం తనంతట తానే పని పూర్తి చేస్తుంది. అందుకని ఆ ఏడాదికి వదిలేశాం.

చేసిందల్లా పళ్ళు అరగదీయడం, నట్టల మందు, దాణా మార్చడం. ఉడికించిన ఉలవలు కిలో, మక్కల నూక కిలో, ఉప్పు, కడుపు నిండా పచ్చగడ్డి, దొరికినప్పుడు లూసర్న్ మేత. ఒక్కసారిగా పెంచితే కడుపునొప్పి, గిట్టల వాపు వస్తాయి కాబట్టి రెండు వారాల్లో మెల్లగా పెంచాం. ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరోన్ లాంటి మందు) కొన్నాళ్ళు ఇచ్చి ఆపే పద్ధతి కూడా ఉంది, ట్రాన్సిషన్ చివర్లో పనికొస్తుంది. నేను వాడలేదు. వేచిచూడడమే చవక అనిపించింది.

మార్చి 14న ఎడమవైపు 24 మి.మీ. ఫాలికల్, గర్భసంచిలో మొదటిసారి కొద్దిగా తొనలు. 17న అది 33. రోజుకు మూడు మి.మీ. పెరుగుదల. ఫిబ్రవరిలో రెండు రోజులకు రెండో మూడో పెరిగిన దానికీ దీనికీ పోలిక లేదు. 19న రమ్మని చెప్పి వచ్చాను.

18న మైనా జనగామ వెళ్ళిపోయింది. రెండు పెళ్ళిళ్ళు, ముందే అడ్వాన్సు తీసుకున్నారు. 22న తిరిగొచ్చేసరికి ఫాలికల్ లేదు, దాని చోట తెల్లటి మచ్చలా కొత్త కార్పస్ లూటియం. ఆ ఏడాది మొదటి అండం ఏ ఫంక్షన్ హాలు ముందో బ్యాండు మోతలో విడుదలైపోయింది. పెద్దాయన కొడుకు మొహం చిన్నబుచ్చుకున్నాడు. నేనైతే లోపల సంతోషించాను, ఎందుకంటే ఏ మందూ లేకుండా అండం వచ్చిందంటే ఎల్‌హెచ్ తిరిగొచ్చినట్టే. ఇక గుర్రం 21, 22 రోజుల లెక్కలో పడుతుంది.

అంతవరకు ఆగకుండా మార్చి 28న కార్పస్ లూటియంను కరిగించే క్లోప్రోస్టినాల్ 250 మైక్రోగ్రాములు కండకు ఇచ్చాను, బర్రెకు ఇచ్చే డోసులో సగం. కార్పస్ లూటియం ఐదు రోజుల వయసు దాటితేనే ఈ మందుకు కరుగుతుంది. ఇచ్చే ముందు అండాశయం తప్పకుండా చూడాలి. అప్పటికే 35 మి.మీ. ఫాలికల్ ఉంటే అది రెండు మూడు రోజుల్లోనే, ఎద సరిగా చూపించకుండానే పగిలిపోవచ్చు. మైనాకు పెద్దది 19, పక్కన ఇంకోటి 17. ఇంజక్షన్ ఇచ్చిన పావుగంటకు మెడ మీద, డొక్కల మీద చెమట కారిపోయింది, కాలితో నేల గీకింది. కొడుకు కంగారుపడి బకెట్టుతో నీళ్ళు తెచ్చాడు. గంటలోపు తగ్గింది. ఇది గుర్రంలో మామూలే, ముందే చెప్పి ఉండాల్సింది. ఇంకో మాట, ఈ మందు చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్ళు సీసా కూడా ముట్టుకోకూడదు. ఆ రోజు సిరంజి పట్టుకుంటానన్న పెద్దాయన కోడలిని ఇంట్లోకి పంపేశాను.

ఇక్కడ నుంచి రెండేసి రోజులకు ఒకసారి చూశాను. పుస్తకంలో చదివింది కళ్ళ ముందు జరిగింది. 28న 19, 17. 30న 24, 20. ఏప్రిల్ 1న 30, 18.

మొదటి రెండు కొలతల్లో రెండూ పక్కపక్కనే నడిచాయి. తర్వాత ఒకటి ముందుకు దూసుకుపోయింది, రెండోది వెనక్కి తగ్గింది. ఈ విడిపోవడం పెద్ద ఫాలికల్ 22, 23 మి.మీ. ఉన్నప్పుడు మొదలవుతుందని చెప్పింది విస్కాన్సిన్ యూనివర్సిటీకి చెందిన ఓ.జే. గింథర్ బృందం. దశాబ్దాల పాటు గుర్రాల అండాశయాలను రోజూ స్కాన్ చేస్తూ కూర్చున్న మనిషి ఆయన. ఆ దశలో రెంటికీ మధ్య తేడా సగటున మూడు మి.మీ., అంటే ఒక్క రోజు పెరుగుదల. ఒక్క రోజు ముందున్నది గెలుస్తుంది, మిగతావి ఎండిపోతాయి.

ఎందుకు గెలుస్తుందన్నదే ఆసక్తికరం. ఫాలికల్స్ గుంపుగా బయలుదేరడానికి ఎఫ్‌ఎస్‌హెచ్ పెరుగుదల కారణం. పెద్దది 13 మి.మీ. అయ్యేసరికి ఎఫ్‌ఎస్‌హెచ్ శిఖరానికి చేరి, అక్కడి నుంచి దిగడం మొదలవుతుంది. దించేవి ఆ ఫాలికల్సే. వాటి గోడ లోపలి గ్రాన్యులోసా కణాలు ఎఫ్‌ఎస్‌హెచ్‌ను తగ్గించే ఇన్హిబిన్ తయారుచేస్తాయి, తర్వాత పెద్ద ఫాలికల్ వదిలే ఈస్ట్రడయోల్ కూడా దానికి తోడవుతుంది. అంటే అన్నీ కలిసి తమ తిండిని తామే తగ్గించుకుంటున్నాయి. తక్కువ తిండితో బతకగలిగేది మిగులుతుంది. ఆ బతికే శక్తి ఇచ్చేది ఫాలికల్ లోపలి ద్రవంలో ఉండే ఐజీఎఫ్-1. ఇది మామూలుగా తనను పట్టి ఉంచే ప్రోటీన్లకు అతుక్కుని పనికిరాకుండా ఉంటుంది. పెద్ద ఫాలికల్‌లో ఒక ఎంజైము ఆ ప్రోటీన్లను కోసేస్తుంది, ఐజీఎఫ్-1 విడుదలవుతుంది. అది కణాలను ఎఫ్‌ఎస్‌హెచ్‌కు మరింత చురుగ్గా స్పందించేలా చేస్తుంది, ఈస్ట్రడయోల్ పెంచుతుంది, ఎల్‌హెచ్ రిసెప్టర్లు వచ్చేలా చేస్తుంది. దాంతోపాటు రక్తనాళాలు పెంచే వీఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ ఎక్కువై ఫాలికల్ గోడకు రక్తం బాగా అందుతుంది. గింథర్ బృందమే ఓడిపోవాల్సిన రెండో ఫాలికల్‌లోకి సూదితో ఐజీఎఫ్-1 ఎక్కించి చూసింది, అది కూడా పెద్దదిగా ఎదిగింది. ఫిబ్రవరిలో నా చేతికి దొరికిన 36 మి.మీ. ఫాలికల్‌కు లేనివి ఇవే.

ఏప్రిల్ 3 సాయంత్రం 36 మి.మీ. అదే కొలత, అదే గుర్రం. ఈసారి తెర మీద గర్భసంచి నిండుగా బత్తాయి తొనలు. గర్భసంచి మెడ మెత్తబడింది. రాత్రి 8 గంటలకు అదే హెచ్‌సీజీ, అదే 2000 యూనిట్లు ఇచ్చాను. ఇది ఒకే సీజన్‌లో ఎక్కువసార్లు వాడితే ఒంట్లో దానికి యాంటీబాడీలు వచ్చి పనిచేయడం తగ్గుతుంది, ఫిబ్రవరిలో వృథా చేసిన దానికి అది కూడా ఒక నష్టమే. ఆవులో ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగసి గంటల్లో దిగిపోతుంది. గుర్రంలో అలా కాదు, రోజుల తరబడి మెల్లగా పెరుగుతూ అండం వచ్చిన మర్నాడు గానీ శిఖరానికి చేరదు. అందుకే గుర్రంలో ఫాలికల్ ఎప్పుడు పగులుతుందో చెప్పడం కష్టం. హెచ్‌సీజీతో లాభం అదే, సరైన ఫాలికల్ అయితే 36 గంటలు అని టైము కట్టొచ్చు. మగగుర్రం దూరంగా ఉన్నప్పుడు ఆ టైము చాలా విలువైనది.

మగగుర్రం హుజూరాబాద్ అవతల ఒక తోటలో ఉంది. 4వ తేదీ పొద్దున డీసీఎంలో తీసుకెళ్ళి, పది గంటలకు దాటించి, మధ్యాహ్నానికి తెచ్చారు. సాయంత్రం చూస్తే 40 మి.మీ., గుండ్రం పోయి ఒక పక్కకు సాగింది, వేలితో నొక్కితే మెత్తగా ఉంది. గర్భసంచి తొనలు తగ్గుముఖం పట్టాయి. 5న పొద్దున పది గంటలకు ఫాలికల్ లేదు. 38 గంటల లోపు పగిలింది. పెద్దాయన తెర మీదకు వంగి ఆ ఖాళీని చాలాసేపు చూశాడు.

ఏప్రిల్ 20న, పదిహేనో రోజు, 21 మి.మీ. నల్లటి గుండ్రటి పిండం తిత్తి. కవలలు ఉంటే పదహారో రోజు లోపే ఒకదాన్ని తీసేయాలి, గుర్రం కవలలను మోయలేదు. గర్భసంచి రెండు కొమ్ములూ చివరి దాకా రెండుసార్లు చూశాను, ఒక్కటే. మే 2న గుండె కొట్టుకోవడం కనపడింది. ఫోన్‌లో వీడియో తీసుకున్నారు.

మే 20న మళ్ళీ ఫోన్. "సారూ, మళ్ళ ఎదకొచ్చినట్టు చేస్తుంది. పోయిందంటవా?" గొంతులో భయం తెలుస్తోంది. వెళ్ళి చూస్తే రెండు అండాశయాల్లోనూ పెద్ద పెద్ద ఫాలికల్స్, ఒకటి 33 మి.మీ. గర్భసంచిలో పిండం క్షేమంగా ఉంది, కదులుతోంది. ముప్పై అయిదు, నలభై రోజుల మధ్య గుర్రం గర్భసంచి గోడలో ఎండోమెట్రియల్ కప్స్ అనేవి ఏర్పడి ఈసీజీ అనే హార్మోన్ వదులుతాయి, గుండె పరీక్ష ఈసీజీకీ దీనికీ సంబంధం లేదు. గుర్రంలో ఇది ఎల్‌హెచ్ లాగా పనిచేసి ఆ ఫాలికల్స్‌ను అదనపు కార్పస్ లూటియంలుగా మారుస్తుంది, వాటి ప్రొజెస్టరోన్ చూడిని నిలుపుతుంది. ఆ దశలో కొన్ని గుర్రాలు ఎద వేషాలు వేస్తాయి. మళ్ళీ దాటించొద్దు, ఏ ఇంజక్షనూ వేయించొద్దు అని గట్టిగా చెప్పాను.

నా బ్యాగులో పీఎమ్‌ఎస్‌జీ సీసా ఒకటి ఉంది, ఎదకు రాని బర్రెలకు వాడేది. అది తీసి చూపించాను. ఇప్పుడు మైనా రక్తంలో తిరుగుతున్నదీ ఈ సీసాలో ఉన్నదీ ఒకటే, చూడి గుర్రాల రక్తం నుంచే దీన్ని తీస్తారు అన్నాను. బర్రెలో ఫాలికల్స్ పెంచే ఈ మందు గుర్రానికి ఇస్తే మాత్రం ఫాలికల్స్ పెంచదు. ఆయన సీసాను వెలుతురుకెత్తి తిప్పి తిప్పి చూసి, "అంటే బర్రెలకు మా గుర్రాలే సాయం జేస్తున్నయన్నట్టు" అన్నాడు.

మైనాను ఆరో నెల వరకు ఊరేగింపులకు తిప్పారు, తర్వాత ఆపేశారు. మరుసటి మార్చి మొదటి వారంలో, 336వ రోజు తెల్లవారుజామున మూడింటికి ఫోన్ వచ్చింది. నేను కొట్టం చేరేసరికే ఈనింది. ఆడపిల్ల. ఇంకో ఇరవై నిమిషాలకు తడబడుతూ నాలుగు కాళ్ళ మీద నిలబడింది, మాయ గంటలోపు పడిపోయింది.